మాజీ సైనికుడు, ఆయుధ సేకర్త అయిన పెదనాన్నగారిని ఎలా గౌరవించాలి? ముందు ఆ పాలిష్ ఆపించండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ పెదనాన్నగారికి త్వరలో 86 నిండుతాయి. ఇరవై రెండేళ్లు సైన్యంలో చేశారు. రిటైరైన దగ్గర్నుంచీ పాత కత్తులు, తుపాకీలు సేకరిస్తూ వచ్చారు, ఇప్పుడవి తొంభై దాకా ఉన్నాయి. ఆయనకు తెలియకుండా ఆ ఆయుధాలన్నిటినీ తళతళలాడేలా పాలిష్ చేయించి, పుట్టినరోజున సభ పెట్టి, హాల్లో గోడ పొడుగునా బిగించి సర్‌ప్రైజ్ ఇవ్వాలని మీ ఇంట్లోవాళ్ల ప్లాన్. ఇంకేం చేస్తే బాగుంటుందని అడిగారు.

పాలిష్ పని ఎవరికైనా ఇప్పటికే ఒప్పజెప్పి ఉంటే, ఈ సమాధానం పూర్తిగా చదివేలోపే ఫోన్ చేసి ఆపించండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నేను ముప్పై ఏళ్లకు పైగా మ్యూజియంలలో లోహపు వస్తువుల సంరక్షణ పని చూస్తున్నాను. అందులో సగానికి పైగా ఆయుధాలే. మాజీ సైనికులు జీవితమంతా పోగుచేసిన సేకరణలు చాలానే నా చేతుల మీదుగా వెళ్లాయి. తుప్పు చేసిన నష్టం కంటే ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ చేయించిన పాలిష్ చేసిన నష్టమే ఎక్కువ చూశాను.

పాత ఉక్కు మీద గోధుమ రంగు, నలుపు కలిసిన పొర ఒకటి ఉంటుంది. తెలియనివాళ్లకి మురికిలా కనిపిస్తుంది. వస్తువు పుట్టుపూర్వోత్తరాలు చెప్పే గుర్తులు ఉండేది అక్కడే. ఉదాహరణకి బ్రిటిష్ సైన్యపు తుపాకీల మీద, ఇది ప్రభుత్వ ఆస్తి అని చెప్పడానికి బాణపు ములికి లాంటి ముద్ర కొట్టేవాళ్లు. ఆ తుపాకీని సైన్యం వదిలించుకుని అమ్మేసినప్పుడు దానికి ఎదురుగా ఇంకో ములికి కొట్టేవాళ్లు. రెండు ములుకులూ ఒకదానికొకటి ఎదురెదురుగా కనిపిస్తే అది సక్రమంగా అమ్మకం ద్వారా బయటికొచ్చిన తుపాకీ అన్నమాట. మొదటి ప్రపంచ యుద్ధం ముందు నాటి బ్రిటిష్ సైన్యపు లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లలో కొన్నిటికి, భుజానికి ఆనించే చెక్క మడమ పక్కన నాణెమంత ఇత్తడి బిళ్ల ఉంటుంది. దాని మీద రెజిమెంట్ పేరు పొడి అక్షరాల్లో, కింద ఆ రైఫిల్ నంబరు. అంటే ఆ రైఫిల్ ఏ దళంలో, ఏ వరసలో నిలబడి ఉండేదో ఆ బిళ్ల చెబుతుంది. ఈ గుర్తుల లోతు వెంట్రుకవాసి. పాలిష్ పెట్టే బఫింగ్ చక్రం కింద క్షణాల్లో పోతాయి, మళ్లీ తీసుకురావడం ఎవరి తరమూ కాదు.

కత్తుల సంగతి ఇంకా సున్నితం. ఇప్పటి తెలంగాణలోని కోనసముద్రం లాంటి ఊళ్లలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లి, అక్కడ కత్తులుగా మారింది. ఆ ఉక్కు మీద నీటి అలల్లాంటి చారలుంటాయి. ఆ చారలు కంటికి కనబడేది పైపొరకి చేసిన ఆమ్లపు పూత వల్ల. పాలిష్ చేస్తే అలలు మాయమై మామూలు ఇనుప ముక్కలా మెరుస్తుంది. జపాన్ కత్తుల్లో అయితే పిడి లోపల దాగి ఉండే తోక భాగం మీద చాలాసార్లు చేసినవాడి సంతకం చెక్కి ఉంటుంది. ఆ తోక మీదున్న తుప్పు రంగు చూసే కత్తి వయసు అంచనా కడతారు. అందుకే ఆ దేశంలో కత్తిని ఎంత మెరిపించినా తోకని మాత్రం ముట్టుకోరు. మీ పెదనాన్నగారికి ఇవన్నీ తెలిసే ఉంటాయి. నలభై ఏళ్లుగా ఆ పొరని ఆయన కావాలనే కాపాడుతూ వచ్చి ఉంటారు. పుట్టినరోజు నాడు హాల్లో అడుగుపెట్టగానే తన వస్తువులన్నీ గీకేసి కనిపిస్తే ఆయన మీ ముందు నవ్వుతారేమో గానీ, ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టదు.

కాబట్టి సర్‌ప్రైజ్ ఆలోచన మానుకోండి. ఆయనతో కలిసి చేయండి.

ఇక అసలు విషయం. చాలా ఏళ్ల క్రితం ఒక మాజీ సైనికాధికారి సేకరణ మా దగ్గరికి వచ్చింది. ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలలు. నూట నలభై వస్తువులు, ఒక్కోదానికి పురికొసతో కట్టిన చిన్న అట్టముక్క, దాని మీద ఎర్ర పెన్సిల్‌తో ఒక అంకె. 37, 38, 39. అంకె తప్ప ఇంకేం లేదు. అంకెలు ఉన్నాయంటే వాటికి ఒక పుస్తకం ఉండాలి. అడిగితే వాళ్ల కోడలు కాసేపు ఆలోచించి, బీరువా ఖాళీ చేసినప్పుడు పాత నోటు పుస్తకాలు కట్టగట్టి పాత కాగితాలవాడికి వేసేశామని చెప్పింది. చెబుతూనే ఆవిడకి అర్థమైంది, కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. ఆవిడ తప్పేం లేదు, ఆ పుస్తకం ఏమిటో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆ నూట నలభైలో మేం పరిశోధించి నిలబెట్టగలిగింది ముప్పై వస్తువుల కథ. మిగతావి ఇవాళ్టికీ ‘కత్తి, 19వ శతాబ్దం, మూలం తెలియదు’ అన్న చీటీతో స్టోర్ గదిలో ఉన్నాయి. ఆ మనిషి యాభై ఏళ్ల శ్రమ పాత కాగితాల్లో కలిసిపోయింది.

మీకు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మీ పెదనాన్నగారు సేకరించింది తొంభై ఆయుధాలు, వాటి గురించి తొంభై కథలు. ఆయుధాలు అల్మారాల్లో ఉన్నాయి, కథలు ఆయన తలలో ఉన్నాయి. సభకి పెట్టే ఖర్చు, సమయం ముందు ఆ కథలు రాసుకోవడానికి పెట్టండి. ఆయన్ని అంతకంటే గౌరవించే పని ఇంకొకటి నాకు తెలియదు.

ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. ఒక గట్టి అట్ట పుస్తకం, పెన్సిల్, ఫోన్ చాలు. వస్తువుల దగ్గర పెన్ను వద్దు, సిరా మరక పడితే పోదు. రోజుకి రెండు మూడు వస్తువులకు మించి పెట్టుకోకండి. ఏది ముందు అన్నది ఆయన్నే ఎంచుకోమనండి. ఆయన ఎంచుకునే వరసే మీకు సగం సంగతి చెబుతుంది. ఒక్కో వస్తువుకి ఒక అంకె, నాలుగు వైపులా ఫొటోలు, ప్రతి ముద్రకి దగ్గరి నుంచి ఫొటో, పొడవు, బరువు. ఇవి మీరు కూడా చేసుకోగలరు. ఆయన మాత్రమే చెప్పగలిగినవి అడగండి. ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, అప్పుడు ఎలా ఉంది, దీని కోసం ఏం వదులుకున్నారు, మొదట్లో ఏమనుకున్నారు, తర్వాత ఏం తేలింది, ఇందులో ఏ భాగం తర్వాత మార్చారు. రసీదులు, ఉత్తరాలు ఏవైనా ఉంటే ఫొటో తీసి అదే అంకె కింద పెట్టండి. ఆ పుస్తకానికి రెండు నకళ్లు తీసి రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచండి.

ఆయన మాట్లాడుతుంటే చేతుల మీద కూడా దృష్టి పెట్టండి. నేనొక పెద్దాయన్ని ఇలాగే రికార్డు చేస్తున్నప్పుడు ఆయన రైఫిల్ అందుకున్న తీరు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. నాకు చూపించడానికి ముందే గొట్టం మూతి నేల వైపు తిప్పారు, బోల్ట్ వెనక్కి లాగారు, చిటికెన వేలు తూటా కూర్చునే ఛాంబర్ లోపల పెట్టి తడిమారు, తర్వాతే నా చేతికిచ్చారు. ఆ రైఫిల్ నలభై ఏళ్లుగా ఆయన ఇంట్లోనే ఉంది, అది ఖాళీ అని ఆయనకు తెలుసు. అయినా వేలు పెట్టి చూశారు. ఆ పది సెకన్లలో ఆయన సైనిక జీవితమంతా నాకు కనిపించింది. ఇలాంటివి పుస్తకంలోకి ఎక్కవు, వీడియో తీయాలి. అమెరికాలో 2000లో అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ చట్టం చేసి, మాజీ సైనికుల జ్ఞాపకాలు భద్రపరిచే పనిని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అనే పెద్ద గ్రంథాలయానికి అప్పగించింది. ఇంటర్వ్యూ కనీసం ముప్పై నిమిషాలైనా ఉండాలి, కత్తిరింపులు ఉండకూడదు అని వాళ్ల నియమం. నా అనుభవంలో కూడా ముప్పై నిమిషాలు దాటాకే మనిషి తెరుచుకుంటాడు. మధ్యలో మౌనంగా ఉండిపోతే కెమెరా ఆపకండి, మాట అందించకండి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సైనికుడిగా ఆయన జీవితం వేరు, సేకర్తగా ఆయన జీవితం వేరు. చాలామంది రెండూ ఒకటే అనుకుని సభలో ‘యుద్ధ వీరుడు, ఆయన వాడిన ఆయుధాలు ఇవిగో’ అన్నట్టు మాట్లాడతారు. నాకు తెలిసిన మాజీ సైనికుల్లో చాలామంది తాము పోరాడిన కాలం నాటి ఆయుధాలు అసలు సేకరించరు. వందేళ్లు, రెండు వందల ఏళ్లు వెనక్కి వెళతారు. ఎందుకని ఒకాయన్ని అడిగితే, ‘ఇవి ఎవరినీ నాకు గుర్తు చేయవు’ అన్నారు. అందుకే ‘ఎవరిని చంపారు, ఎంతమంది చావు చూశారు’ లాంటి ప్రశ్నలు వద్దు, పిల్లల చేత కూడా అడిగించొద్దు. ఆయన తనంతట తాను చెబితే వినండి. శత్రు సైనికుడి వస్తువు ఏదైనా ఉంటే దాని గురించి సభలో కాదు, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు నెమ్మదిగా అడగండి. అలాంటి వస్తువుని అవతలి సైనికుడి కుటుంబానికి తిరిగి పంపాలన్న కోరిక కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మీ పెదనాన్నగారిది అదే అయితే, అది నెరవేర్చడం కంటే పెద్ద బహుమతి ఉండదు.

సేకర్తగా ఆయన్ని ఒక చదువుకున్న మనిషిలా చూడండి. చరిత్రలో ఇలాంటివాళ్లకు మంచి వరసే ఉంది. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఫ్రెడరిక్ స్టిబర్ట్ అని ఒకాయన ఉండేవారు. తాతగారు బెంగాల్‌లో ఈస్టిండియా కంపెనీ సైన్యానికి అధిపతిగా చేసినవారు. స్టిబర్ట్ 1866లో ఇటలీ ఏకీకరణ కోసం పోరాడిన నాయకుడు గారిబాల్డీ దళంలో చేరి యుద్ధం చేశారు, తర్వాత జీవితమంతా యూరప్, ఇస్లామిక్ దేశాలు, జపాన్‌ల ఆయుధాలు, కవచాలు సేకరించారు. 1906లో ఆయన పోయాక ఇల్లు, సేకరణ కలిపి ఫ్లోరెన్స్ నగరానికి దక్కాయి. ఇప్పుడు అది మ్యూజియం. గుర్రాల మీద కూర్చోబెట్టిన కవచధారుల వరస ఉన్న పెద్ద హాలు చూస్తే ఆయన మనసు ఎలా పనిచేసేదో తెలుస్తుంది.

పిట్ రివర్స్ కథ మీ పనికి ఇంకా దగ్గరగా ఉంటుంది. ఆయన బ్రిటిష్ సైన్యాధికారి, 1854లో క్రిమియా యుద్ధంలో ఆల్మా నది దగ్గర పోరాడారు. 1850ల్లో సైనికులకు కొత్త రైఫిళ్లతో గురి నేర్పే పనిలో ఉన్నప్పుడు ఆయన ఒకటి గమనించారు. తుపాకీ ఒక్కసారిగా మారిపోలేదు, చిన్న చిన్న మార్పులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ వచ్చాయి. ఆ ఆలోచన పట్టుకుని ఆయుధాలతో మొదలుపెట్టి, ప్రపంచంలోని రకరకాల వస్తువులు ఇరవై వేలకు పైగా పోగుచేశారు. 1884లో వాటిని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. ఇచ్చేటప్పుడు వాటికి ఒక భవనం కట్టాలనీ, ఆ విషయం బోధించడానికి ఒక అధ్యాపకుణ్ణి నియమించాలనీ షరతు పెట్టారు. వస్తువులతో పాటు వాటి వెనకున్న ఆలోచన కూడా బతకాలని ఆయన పట్టుబట్టారన్నమాట. మీ పెదనాన్నగారి సేకరణలో కూడా అలాంటి దారం ఒకటి ఉండే ఉంటుంది. ఆయన్ని అడిగి అది పట్టుకోండి.

ఆ దారమే మీ ప్రదర్శన. తొంభై వస్తువులు గోడకి బిగిస్తే చూసినవాళ్లు ‘అబ్బో’ అని వెళ్లిపోతారు. పది పన్నెండు చాలు. ఆయన దగ్గర ఉంటే చెకుముకి రాయితో పేలే తుపాకీ ఒకటి, పక్కన 1853 నాటి ఎన్‌ఫీల్డ్, దాని పక్కన స్నైడర్ పెట్టండి. మొదటిది మూతి నుంచి మందు కూరి, రాయి రాపిడితో పేల్చేది. రెండోది కూడా మూతి నుంచి కూరేదే, కానీ రాయి పోయి, దెబ్బ తగిలితే నిప్పు రేపే చిన్న లోహపు టోపీ వచ్చింది. మూడోది 1866 నుంచి సైన్యంలోకి వచ్చింది. అది ఇంచుమించు ఆ ఎన్‌ఫీల్డే, గొట్టం వెనక భాగం కోసి, తలుపులా తెరుచుకునే అమరిక పెట్టారు. దాంతో సైనికుడు వెనక నుంచే తూటా పెట్టుకోగలిగాడు, పడుకుని కూడా నింపుకోగలిగాడు. ఈ మూడూ పక్కపక్కన ఉంటే, మీ పెదనాన్నగారు కుర్చీలో కూర్చుని ఒక్కోదాని గురించి రెండేసి నిమిషాలు చెబితే, పదేళ్ల పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. చీటీల మీద మాటలు ఆయన చెప్పినవే ఉండాలి, ఇంటర్నెట్‌లో దొరికినవి వద్దు. ఆయన సైన్యపు పతకాలు వేరే బల్ల మీద విడిగా పెట్టండి.

అయితే ఒక్క తుపాకీ కూడా అది ఖాళీ అని తేల్చుకోకుండా హాల్లోకి రాకూడదు. ఈ విషయంలో నేను ఎవరి మాటా నమ్మను, నా మాట కూడా. మూతి నుంచి మందు కూరే పాత తుపాకీలు నిండుగా ఉండిపోవడం మామూలే. ఎప్పుడో కూరారు, పేల్చలేదు, గోడకి తగిలించారు. ఆ పాతకాలపు తుపాకీ మందు తడి తగలకుండా ఉంటే ఎన్ని తరాలైనా పేలుతుంది. పరీక్ష సులువు. పొడవాటి సన్నటి చెక్క కడ్డీని గొట్టంలోకి నెమ్మదిగా ఆగేదాకా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టండి. బయటికి తీసి గొట్టం పక్కనే ఆనించి చూడండి. కడ్డీ కొస రంజకపు రంధ్రం (మందుకి నిప్పు అందే చిన్న రంధ్రం) దాకా వస్తే లోపల ఖాళీ. నాలుగు వేళ్ల ముందే ఆగిపోతే లోపల ఏదో ఉంది. అప్పుడు దాన్ని మీరు తీయడానికి ప్రయత్నించొద్దు, తుపాకీ మరమ్మతు తెలిసినవాళ్లని పిలవాలి. గ్రెనేడ్లు, ఫిరంగి గుండ్లు, షెల్స్ ఏవైనా ఉంటే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి. 2008లో అమెరికాలోని వర్జీనియాలో ఎంతో అనుభవమున్న ఒక సేకర్త, అక్కడి అంతర్యుద్ధం నాటి ఫిరంగి గుండుని శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయారు. అప్పటికి ఆ గుండు వయసు దాదాపు నూట నలభై ఏళ్లు.

చట్టం గురించి కూడా ఒక మాట. మీరు ఏ దేశం నుంచి రాస్తున్నారో చెప్పలేదు. ఏది పురాతన వస్తువు, ఏది లైసెన్స్ కావాల్సిన ఆయుధం అన్న గీత ఒక్కో దేశంలో ఒక్కో చోట ఉంటుంది. అమెరికా ఫెడరల్ చట్టం 1898 దాకా తయారైనవాటిని పురాతనంగా చూస్తుంది. ఆ గీత మీ దగ్గర అదే అనుకోవద్దు. హాల్లో ప్రదర్శించడానికి, ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్లడానికి కూడా అనుమతి అవసరం కావొచ్చు. లైసెన్స్ ఆయన పేరు మీద ఉంటే, ఆయన తర్వాత అది మీ పేరు మీదికి తనంతట తాను రాదు. ఆయన ఉండగానే లాయర్‌తో కూర్చుని కాగితాలు సరిచేసుకోండి. తర్వాత పడే టెన్షన్ చాలా ఎక్కువ.

పాలిష్ వద్దన్నాను గానీ దుమ్ము అలాగే ఉంచమని కాదు. మెత్తటి బ్రష్‌తో దులపండి. చేతులకి రబ్బరులాంటి పలచటి నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, నూలువి జారతాయి. చేతి చెమటలోని ఉప్పు వల్ల ఉక్కు మీద వేలిముద్ర ఆకారంలోనే తుప్పు పడుతుంది, నేను చూశాను. వంటనూనెలు రాయొద్దు, చాలావరకు కొన్నాళ్లకి జిగురై గట్టిపడతాయి. మ్యూజియంలలో మేం మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ అనే ఒక రకం మైనం పలచగా రాస్తాం. కత్తులని తోలు ఒరల్లో ఏళ్ల తరబడి ఉంచేయకండి, తోలులోని ఆమ్లం, తేమ కలిసి ఉక్కుని తినేస్తాయి. ఒర వేరుగా, కత్తి వేరుగా, రెండిటికీ ఒకే అంకె. ఇత్తడి, తోలు కలిసే చోట పచ్చటి చిలుము కనిపిస్తే పుల్లతో మెల్లగా తీయొచ్చు. అంతకు మించి ఏం చేయాలన్నా ఆయన్ని అడిగి చేయండి.

చివరిగా, కష్టమైన మాట. ఈ తొంభై వస్తువులు ఆయన తర్వాత ఎక్కడికి వెళ్లాలి? ఇది అడగడానికి ఇంట్లోవాళ్లు మొహమాటపడతారు, అపశకునం అనుకుంటారు. నేను మాట్లాడిన సేకర్తల్లో ఒక్కరు కూడా ఆ ప్రశ్నకి నొచ్చుకోలేదు. ఎవరైనా ఎప్పుడు అడుగుతారా అని ఎదురుచూసినవాళ్లే ఎక్కువ. ఆయన ఏమంటారో వినండి. అన్నీ ఒకేచోట ఉండాలనుకుంటే అది రాతపూర్వకంగా ఉండాలి. లండన్‌లో ఇప్పుడు మ్యూజియంగా ఉన్న వాలెస్ సేకరణ 1900 నుంచి ఇప్పటికీ ఒక్కటిగా ఉందంటే, దాన్ని ఇచ్చిన లేడీ వాలెస్ తన వీలునామాలో వేరే వస్తువులతో కలపకూడదని స్పష్టంగా రాయడం వల్లే. కానీ నిజం కూడా చెప్పాలి, మామూలు మ్యూజియంలు అన్నీ తీసుకోవు. వాళ్ల దగ్గర ఇప్పటికే ఉన్న రకాలు వద్దంటారు, షరతులకీ చాలాసార్లు ఒప్పుకోరు. వాళ్లు ముందుగా అడిగేది దీని మూలం ఏమిటి అనే. మీరు రాసిన ఆ పుస్తకం వాళ్ల ముందు పెడితే, వద్దన్న చేతులే ముందుకొస్తాయి. కొన్ని మ్యూజియంకి, కొన్ని ఆయన పాత దళానికి, ఒకటో రెండో మనవలకి, మిగతావి వాటిని అర్థం చేసుకునే ఇంకో సేకర్తకి అని ఆయన పంచదలిస్తే అదీ మంచిదే. ఏది ఎవరికన్నది ఆయన నోటితో చెప్పగా వీడియోలో తీసుకోండి, కాగితం మీద కూడా పెట్టించండి.

సభ ఇంకో నెల వాయిదా పడినా ఫరవాలేదు. ఈ వారం మొదటి నాలుగు వస్తువులు అయ్యాక ముద్రల ఫొటోలు ఇక్కడ పెట్టండి, చదవలేకపోయినవి ఉంటే కలిసి చూద్దాం. పెదనాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆయన మొదట ఎంచుకున్న వస్తువు ఏదో కూడా రాయండి.